మీ పాటకు తగిన రైడ్, క్రాష్ సింబల్స్ ఎంచుకోవడం ఎలా?

“అన్నా, ఏ సింబల్ కొనాలి?”

చెన్నై సాలిగ్రామంలో డ్రమ్స్ నేర్పడం మొదలుపెట్టిన నాటి నుంచి నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. సింబల్ అంటే డ్రమ్స్ సెట్టులో స్టాండ్ మీద ఉండే లోహపు పళ్లెం. నా దగ్గర నేర్చుకునే తెలుగు పిల్లలు అడుగుతారు. ఫీజు కట్టడానికి వచ్చిన తండ్రులు గుమ్మంలో నిలబడి అడుగుతారు. ఆదివారం చర్చిలో వాయించేవాళ్లు శనివారం రాత్రి ఫోన్ చేసి అడుగుతారు. నెల్లూరు, తిరుపతి నుంచి సామాను కొనడానికి ఇక్కడికి వచ్చేవాళ్లు రైలెక్కే ముందు అడుగుతారు. అందరికీ విడివిడిగా చెబుతున్నది ఇప్పుడు ఒకచోట రాసిపెడుతున్నాను.

అడిగిన వెంటనే కంపెనీ పేరు చెప్పేస్తానని చాలామంది అనుకుంటారు. నేను ఎదురు ప్రశ్నలు రెండు వేస్తాను: ఎక్కడ వాయిస్తారు? ఏ పాటలు వాయిస్తారు? ఇవి తెలియకుండా పేరు చెప్పడమంటే కొలతలు తీసుకోకుండా చొక్కా కుట్టడమే. నేను అందరికీ చెప్పే మాట ఇది: ముందు రైడ్ కొనండి. పేరు చూసే ముందు బరువు చూడండి. క్రాష్‌ను ఆ రైడ్ పక్కన పెట్టి విన్నాకే డబ్బు ఇవ్వండి.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. రైడ్ అంటే నడక సాగించే సింబల్. సాధారణంగా కుడిచేతి వైపు ఉంటుంది, దాని మీద స్టిక్ ఆగకుండా నడుస్తుంది. క్రాష్ అంటే దెబ్బ పడగానే భళ్ళున విచ్చుకుని అణగిపోయేది. పల్లవి అందుకున్న చోట, చరణం మలుపు తిరిగిన చోట ఒక్కసారి మోగుతుంది. రెండింటికీ నడుమ గిన్నె బోర్లించినట్టుండే బెల్, దాని చుట్టూ వాలుగా దిగే నడిమి భాగం, చివర అంచు ఉంటాయి. ఈ మూడు చోట్ల మూడు రకాల శబ్దం పలుకుతుంది.

కావలసినవి

- మీరు రోజూ వాయించే స్టిక్స్. దుకాణంలో ఇచ్చేవి వద్దు. స్టిక్ చివర చెక్కదా, నైలాన్‌దా అన్నదాన్ని బట్టి కూడా రైడ్ గొంతు మారుతుంది. నైలాన్ మొనతో ప్రతి సింబల్ కాస్త మెరిసినట్టే వినిపిస్తుంది.
- 5 కిలోల వరకు తూచే డిజిటల్ వంటింటి త్రాసు.
- ఫోను, రికార్డు చేయడానికి.
- తోడుగా ఒక మనిషి. మీరు దూరంగా నిలబడి వినేటప్పుడు వాయించడానికి.
- వీలైతే మీ హైహ్యాట్స్ (కాలితో తెరిచి మూసే జంట సింబల్స్). బస్సులో మోసుకెళ్లడం కష్టమే, కానీ కొత్త సింబల్ రోజూ వాటి పక్కనే బతకాలి.
- మీరు తరచుగా వాయించే పాటలు రెండు. ఒకటి నెమ్మదిగా నడిచేది, ఒకటి వేగంగా నడిచేది.

1. ముందు లోహం సంగతి తేల్చుకోండి

ఇంట్లో అమ్మమ్మ నాటి కంచు గిన్నె ఉంటే తీయండి. వేళ్ల కొసల మీద బోర్లించి నిలబెట్టి, చెంచాతో అంచు మీద మెల్లగా తట్టండి. ఖంగుమంటుంది, ఆ మోత చాలాసేపు చెవిలో నిలుస్తుంది. ఇప్పుడు ఇత్తడి చెంబును అలాగే తట్టండి. టంగుమని త్వరగా ఆగిపోతుంది. సింబల్స్‌లోనూ తేడా ఇలాంటిదే.

తక్కువ ధరకు దొరికే సెట్లు ఇత్తడివి. మైనల్ హెచ్‌సీఎస్, సేబియన్ ఎస్‌బీఆర్, పైస్టీ పీఎస్‌టీ 3 ఈ కోవలోకి వస్తాయి. నేర్చుకునే మొదటి ఏడాదికి ఇవి చాలు, ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టనక్కర్లేదు. వేదిక ఎక్కాలంటే మాత్రం కంచువే కావాలి. కంచులో రెండు ముఖ్యమైన రకాలున్నాయి. బీ8 అంటే 92 పాళ్లు రాగి, 8 పాళ్లు తగరం. స్వరం సూటిగా, మెరుపుగా ఉంటుంది. బీ20 అంటే 80 పాళ్లు రాగి, 20 పాళ్లు తగరం. మన కంచు గిన్నెకు దగ్గరి చుట్టం ఇదే, స్వరంలో పొరలు ఎక్కువ. జిల్జియన్ ఏ, కే వరుసలు, సేబియన్ హెచ్‌హెచ్‌ఎక్స్, మైనల్ బైజాన్స్, తుర్కియేలో చేత్తో కొట్టి చేసే ఇస్తాంబుల్ అగోప్, ఇస్తాంబుల్ మెహ్మెత్ సింబల్స్ అన్నీ బీ20వే.

బీ20 అయితేనే గొప్పది, బీ8 తక్కువది అనుకోకండి. పైస్టీ 2002 వరుస బీ8 కంచుతోనే తయారవుతుంది, 1971 నుంచి రాక్ వాయించేవాళ్ల చేతుల్లో మోగుతోంది. లోహం తర్వాత సుత్తి దెబ్బలు, చిత్రిక పట్టిన తీరు (పైన సన్నని గాళ్లు పడేలా లోహాన్ని చెక్కడం), మందం అన్నీ కలిసి గొంతును తయారు చేస్తాయి. వీటన్నిటిలో మీరు కొలవగలిగేది మందమొక్కటే, అదీ బరువు రూపంలో.

2. తూచండి

దుకాణంలో త్రాసు బయటకు తీయడానికి మొహమాటపడకండి. ఒకే కంపెనీ, ఒకే పేరు, ఒకే సైజు సింబల్స్ రెండింటి మధ్య కూడా, ముఖ్యంగా చేత్తో కొట్టినవాటిలో, వంద గ్రాముల పైన తేడా రావచ్చు. ఆ తేడా చెవికి బాగా తెలుస్తుంది. నేను వాడే లెక్కలు ఇవి. గీత గీసినట్టు ఖచ్చితం కావు, దారి చూపడానికి సరిపోతాయి.

- 20 అంగుళాల రైడ్: 2,000 గ్రాముల లోపు పలుచన, 2,200–2,500 మధ్యరకం, 2,700 దాటితే మందం.
- 22 అంగుళాల రైడ్: 2,200–2,400 పలుచన, 2,600–2,900 మధ్యరకం, 3,100 దాటితే మందం.
- 16 అంగుళాల క్రాష్: 1,000 గ్రాముల లోపు పలుచన, 1,100 దగ్గర మధ్యరకం, 1,200 దాటితే మందం.
- 18 అంగుళాల క్రాష్: 1,350 లోపు పలుచన, 1,500 దగ్గర మధ్యరకం, 1,700 దాటితే మందం.

పలుచని సింబల్ స్వరం కిందికి ఉంటుంది, చిన్న దెబ్బకే విచ్చుకుంటుంది. మందమైనదాని స్వరం పైకి పోతుంది, మోగడానికి బలం అడుగుతుంది. వ్యాసం పెరిగితే స్వరం కిందికి దిగి, మోత పొడవవుతుంది. ఇంతకు మించి సిద్ధాంతం మీకు అక్కర్లేదు.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు గురించి నా అనుభవం చెప్పాలి. నేను కొన్న మొదటి మంచి క్రాష్ 16 అంగుళాలది, బాగా మందమైనది. “గట్టిది తీసుకెళ్లండి, పగలదు” అని అమ్మినాయన చెప్పాడు. నమ్మాను. వేదిక మీద ఎంత మామూలుగా కొట్టినా అది విచ్చుకునేది కాదు, గిన్నె మీద గరిట కొట్టినట్టు మోగేది. దాన్ని పలికించాలని ప్రతి పాటలో మరింత బలంగా కొట్టాను. ఎనిమిది నెలలకు అంచు దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది, మరో నెలకు బొటనవేలంత అయింది. దాని పక్కన ఉన్న పలుచని క్రాష్ మాత్రం ఈనాటికీ నా దగ్గర ఉంది. క్రాష్ విషయంలో మందం రక్షణ కాదు. మీ చేతి బలానికి తేలికగా పలికే సింబల్‌ను బలవంతంగా కొట్టే అవసరం రాదు, అందుకే అది ఎక్కువ కాలం ఉంటుంది.

3. రైడ్‌ను పరీక్షించండి

దీనికి కనీసం ఇరవై నిమిషాలు కేటాయించండి. వారాంతం సాయంత్రాల్లో దుకాణాలు కిటకిటలాడతాయి, పక్కన ఎవరో కీబోర్డు వాయిస్తుంటారు. పనిరోజు ఉదయం వెళ్లండి. అన్నా సాలైలోని మ్యూసీ మ్యూజికల్ 1842 నాటి సంస్థ. అలాంటి పాత దుకాణానికి వెళ్లినా, కొత్తదానికి వెళ్లినా, ముందే ఫోన్ చేసి స్టాండ్ మీద పెట్టి వినొచ్చా అని అడగండి. చేత్తో పట్టుకుని తట్టి వింటే ఏమీ తెలియదు, వేళ్లు మోతను మింగేస్తాయి.

స్టాండ్ మీద పెట్టాక వరుసగా ఇలా చేయండి.

మొదట నడిమి భాగంలో, బెల్‌కూ అంచుకూ మధ్య, స్టిక్ మొనతో మామూలు నడక వాయించండి. నిమిషానికి 90 దెబ్బల వేగంతో మొదలుపెట్టి, ఆగకుండా పదహారు ఆవర్తాలు (ఆవర్తానికి నాలుగు దెబ్బలు) సాగించండి. వినాల్సినవి రెండు: ప్రతి దెబ్బా చుక్క పెట్టినట్టు ‘టింగ్’ అని విడిగా పలుకుతోందా? ఆ చుక్కల వెనక హోరు ఎంత లేస్తోంది? కొన్ని రైడ్‌లు మొదటి నాలుగు ఆవర్తాలు చక్కగా ఉంటాయి. పదో ఆవర్తం వచ్చేసరికి హోరు పెరిగిపోయి చుక్కలు మునిగిపోతాయి. అర నిమిషం విని కొనుక్కున్నవాళ్లు మోసపోయేది ఇక్కడే.

తర్వాత వేగం 180కి పెంచి మళ్లీ అదే. మీ వేగమైన పాటలో హోరు చుక్కలను మింగేస్తే ఆ రైడ్ మీకు పలుచన ఎక్కువ. మోత అసలే లేక, దెబ్బలు గడియారం టిక్కుటిక్కులా పొడిగా ఉంటే, నెమ్మది పాటలో అది బోసిగా అనిపిస్తుంది.

ఇప్పుడు బెల్ మీద స్టిక్ మెడతో కొట్టండి. గుడి గంటలా తేటగా, మిగతా భాగం కన్నా స్పష్టంగా పైకి వినబడాలి. జాజ్ కోసం చూస్తుంటే మాత్రం బెల్ అంతగా విడిపోకపోయినా ఫర్వాలేదు.

చివరగా అంచు మీద ఒక్కసారి క్రాష్‌లా కొట్టి, మోత అణగే వరకు చేతులు కట్టుకుని నిలబడండి. ఏదైనా ఒక స్వరం మిగతావాటి నుంచి విడిపోయి ఈల వేసినట్టు చివరి దాకా మిగిలితే దాన్ని పక్కన పెట్టండి. ఆ ఈల వేదిక మీద మైకులో రెండింతలవుతుంది.

ఒకేసారి నాలుగైదు రైడ్‌లు వినకండి. మూడో దానికే చెవి అలసిపోతుంది. రెండు రెండుగా పోల్చండి, ఓడినదాన్ని తీసేసి కొత్తదాన్ని పెట్టండి.

4. మీ పాటను బట్టి తేల్చండి

*సినిమా పాటల ఆర్కెస్ట్రా.* చెన్నైలో మన తెలుగువాళ్లలో ఎక్కువమంది వాయించేది ఇదే, కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. ఒకే సాయంత్రం పాత మెలొడీ, మాస్ పాట, భక్తి గీతం మూడూ వస్తాయి. పైగా కల్యాణ మండపంలో నేల గ్రానైట్, గోడలు టైల్స్. ఏ శబ్దమైనా తిరిగి తిరిగి వస్తుంది. ఇలాంటి చోట మెరుపు ఎక్కువున్న మందమైన సింబల్స్ పెడితే గాయని పాడే మాటల్లో స, శ, చ అక్షరాలు వినిపించవు. సింబల్ మోతా, ఆ అక్షరాల ఊపిరీ ఒకే ఎత్తులో ఉంటాయి, అందుకే ఢీకొంటాయి. సాహిత్యం వినబడని పాట ఎంత బాగా వాయించినా వృథానే. 20 అంగుళాల మధ్యరకం రైడ్, 16, 18 అంగుళాల పలుచని క్రాష్‌లు తీసుకోండి. మెరిసే పూత ఉన్నవాటికన్నా మామూలు పూతవి ఇక్కడ మెత్తగా కలిసిపోతాయి.

*చర్చి ఆరాధన.* హాలు చిన్నది, పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, ముందు వరుసలో పెద్దవాళ్లు కూర్చుంటారు. అన్నీ పలుచనవి, మెరుపు తక్కువున్న ముదురు గొంతువి ఉండాలి. 21 లేదా 22 అంగుళాల పలుచని రైడ్ ఒకటి ఉంటే అంచు మీద మెల్లగా కొట్టి దాన్నే క్రాష్‌గా వాడుకోవచ్చు. నెమ్మది పాటలు మ్యాలెట్లతో (మెత్తటి తల ఉన్న కర్రలతో) ఉప్పొంగించడానికీ పలుచనవే పలుకుతాయి. డబ్బు తక్కువుంటే రైడ్‌తో పాటు 18 అంగుళాల క్రాష్ ఒక్కటి చాలు.

*రాక్.* 20 నుంచి 22 అంగుళాల మధ్యరకం రైడ్, కాస్త మందం వైపు ఉన్నా సరే. గిటార్ల మధ్య నుంచి చుక్క వినబడాలి. క్రాష్‌లు 17, 19 లేదా 18, 19 అంగుళాలవి, మధ్యరకం. బీ8 సింబల్స్ ఇక్కడ బాగా వెలుగుతాయి.

*మెటల్.* బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా బృందాలను చూసి వచ్చిన తరం ఇప్పుడు సొంత బృందాలు నడుపుతోంది. వాళ్లు అడిగేది ఎప్పుడూ బెల్ గురించే. వాళ్లకు బెల్ పెద్దగా, బరువుగా ఉన్న 20–22 అంగుళాల మందమైన రైడ్ సరైనదే, ఎందుకంటే రెండు కాళ్లతో బాస్ డ్రమ్ మోగించే పెడళ్ల హోరులో బెల్ దెబ్బ ఒక్కటే నడకను నిలబెడుతుంది. కానీ అదే ఊపులో క్రాష్‌లు కూడా మందంవి కొంటారు. వద్దు. 18, 19 అంగుళాల మధ్యరకం క్రాష్‌లే త్వరగా విచ్చుకుని తరువాతి దెబ్బకు దారి ఇస్తాయి.

*జాజ్.* ఇందులో రైడే ప్రాణం. 1940లలో అమెరికన్ డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ వంటివాళ్లు నడకను బాస్ డ్రమ్ మీద నుంచి రైడ్ మీదికి తెచ్చారు. అప్పటి నుంచి ఈ సంగీతంలో డ్రమ్మర్ గొంతు అంటే అతని రైడే. 20 లేదా 22 అంగుళాల పలుచన బీ20, చేత్తో కొట్టినది, తక్కువ మెరుపున్నది చూడండి. ఎడమవైపు క్రాష్‌కు బదులు 18–20 అంగుళాల మరో పలుచని రైడ్ పెట్టుకోండి, దాన్ని రెండు పనులకూ వాడుకోవచ్చు. కొన్నింటికి రంధ్రాలు చేసి వదులుగా రివెట్లు బిగిస్తారు, వాన చినుకుల్లాంటి జల్లు వినిపిస్తుంది. నాకు ఆ శబ్దం ప్రాణం. అయినా మొదటి రైడ్‌కే వేయించకండి, ఆ రంధ్రాలు పూడ్చలేం.

*కర్ణాటక ఫ్యూజన్.* మృదంగం, వయొలిన్, వీణ పక్కన కూర్చున్నప్పుడు మోత పొడవే అసలు శత్రువు. గమకం సాగుతుండగా సింబల్ మోగుతూ ఉంటే రాగం మసకబారుతుంది. చిత్రిక పట్టని, పొడిగా పలికే రైడ్, 16 అంగుళాలకు మించని పలుచని క్రాష్, స్టిక్స్‌కు బదులు సన్నని పుల్లల కట్టలు వాడండి. మృదంగ విద్వాంసుడిని పక్కన కూర్చోబెట్టుకుని సింబల్ ఎంచుకోగలిగితే అంతకన్నా మంచి పరీక్ష ఉండదు.

*ఫంక్, గాస్పెల్.* త్వరగా విచ్చుకుని త్వరగా అణగే 16–17 అంగుళాల పలుచని క్రాష్‌లు, చుక్క తేటగా ఉన్న 20–21 అంగుళాల రైడ్.

“ఇవన్నీ వాయిస్తాను, ఒక్క సెట్టే కొనగలను” అంటే 20 అంగుళాల మధ్యరకం రైడ్ (2,300 గ్రాముల దగ్గర), 18 అంగుళాల పలుచని క్రాష్ తీసుకోండి. తప్పు జరిగే అవకాశం ఈ జతలో తక్కువ.

5. క్రాష్‌ను రైడ్‌తో జత కలపండి

రైడ్ మీద నాలుగు దెబ్బలు, వెంటనే క్రాష్, మళ్లీ రైడ్ మీద నడక. ఇలా పదిసార్లు వాయించండి. రెండూ ఒకే ఇంటి గొంతుల్లా ఉండాలి, ఒకేలా ఉండకూడదు. క్రాష్ స్వరం రైడ్ కన్నా స్పష్టంగా పైన ఉండాలి. ఒకే కంపెనీవి, ఒకే వరుసవి కానక్కర్లేదు. నా రైడ్ ఒక దేశానిది, క్రాష్ మరో దేశానిది, పన్నెండేళ్లుగా కలిసే ఉన్నాయి.

క్రాష్‌లు రెండైతే సైజులో ఒకటి రెండు అంగుళాల తేడా, మందంలో ఒకే తరగతి చూసుకోండి. 16 అంగుళాలది పలుచన, 18 మందం అయితే రెండింటి స్వరాలూ దగ్గరకొచ్చి, డబ్బు రెండింటికీ పెట్టి గొంతు ఒక్కటే కొన్నట్టవుతుంది.

ఇక మోత పొడవు. దీన్ని గడియారంతో కొలవొచ్చు. నిమిషానికి 120 దెబ్బల వేగంలో నాలుగు దెబ్బల ఆవర్తం 2 సెకన్లు. 80 వేగంలో 3 సెకన్లు. మీ పాట వేగానికి ఆవర్తం ఎంతో లెక్కేసుకుని, క్రాష్ కొట్టి లెక్కపెట్టండి. అంతలో దాని మోత పూర్తిగా ఆగిపోనక్కర్లేదు, కానీ గొంతు దాని మీద నుంచి తేలికగా వినబడేంత కిందికి దిగాలి. దిగకపోతే అంతకన్నా చిన్నదో, పలుచనిదో చూడండి.

6. దూరం నుంచి వినండి

నా శిష్యుడొకడు చర్చి కోసం క్రాష్ కొని తెచ్చాడు. స్టూలు మీద కూర్చుని వింటే ముచ్చటేసింది. “ఎలా ఉందన్నా?” అన్నాడు. బాగుందన్నాను. ఆదివారం నేనూ వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. మొదటి పాటలో ఆ క్రాష్ పడగానే నా పక్కనున్న పెద్దాయన ఎడమచెయ్యి చెవి మీదికి వెళ్లింది. రెండో పాటకు చెయ్యి అక్కడే ఉండిపోయింది. దగ్గర నుంచి విన్నప్పుడు ఆ మెరుపు మొత్తం మోతలో కలిసి తీయగా అనిపించింది. దూరానికి మాత్రం ఆ మెరుపొక్కటే సూదిలా వచ్చింది. ఆ రోజు వాడికి బాగుందని చెప్పడం నా పొరపాటు. అప్పటి నుంచి దూరం నుంచి వినకుండా ఎవరికీ జవాబు చెప్పడం లేదు.

మీతో వచ్చిన మనిషి చేత వాయించమని, మీరు కనీసం ఇరవై అడుగుల దూరంలో నిలబడండి. తర్వాత వీపు తిప్పి వినండి, ఏ సింబల్ ఏదో తెలియకూడదు. నచ్చినదానికి చెయ్యెత్తండి. పేరు చూసి ఇష్టపడ్డది, చెవితో ఇష్టపడ్డది ఒకటేనో కాదో అప్పుడు తెలుస్తుంది. అదే చోట ఫోను పెట్టి రికార్డు చేసి, ఇంటికి వచ్చాక హెడ్‌ఫోన్లలో వినండి. ఆ రోజే కొనాలని ఎవరూ మిమ్మల్ని బలవంతం చేయలేరు.

ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే మూడు పనులు చేయండి. పోల్చే రెండు సింబల్స్‌నూ ఒకే చోట, ఒకే మైకుతో రికార్డు చేసిన శబ్దాలే పోల్చండి. ఫోను స్పీకరులో వినకండి. కొనే ముందు ఆ సింబల్ బరువు ఎంతో రాసి పంపమని అడగండి, తిరిగి ఇచ్చే వీలుందో లేదో చూసుకోండి.

7. వాడినవి కొంటుంటే

వాడిన బీ20 సింబల్, అదే ధరకు దొరికే కొత్త ఇత్తడి సెట్టు కన్నా మేలు. అయితే ఇవి చూడకుండా డబ్బు ఇవ్వకండి.

- అంచు చుట్టూ గోరు నడిపించండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే అక్కడ దీపం పెట్టి చూడండి. కాస్త దూదితో తుడిస్తే చీలిక దగ్గర పోగులు చిక్కుకుంటాయి.
- తిరగేసి, బెల్ మొదలయ్యే చోటూ, చిత్రిక గాళ్ల వెంటా చూడండి. గుండ్రంగా పాకే చీలిక గీతలాగే కనిపించి మోసం చేస్తుంది.
- నడుమ రంధ్రం గుండ్రంగా ఉందా? ఒకవైపు సాగి తాళంచెవి కన్నంలా అయితే స్లీవ్ (స్టాండ్ ఇరుసుకు తొడిగే ప్లాస్టిక్ గొట్టం) లేకుండా వాడారన్నమాట. కొద్దిగా అయితే ఫర్వాలేదు, ధర తగ్గించమనండి.
- వదులుగా వేలాడదీసి అంచు చుట్టూ ఎనిమిది చోట్ల మెల్లగా తట్టండి. ఎక్కడైనా స్వరంలో జీర పలికితే కంటికి కనబడకపోయినా చీలిక ఉన్నట్టే.
- చీలిక చివర చిన్న రంధ్రం చేసి “బాగు చేయించాం” అంటే వదిలేయండి. అది మరికొంత కాలం వాయించుకోవడానికి చేసిన ఏర్పాటు, అమ్మడానికి కాదు.

8. ఇంటికి తెచ్చాక

స్టాండ్ మీద రెండు ఫెల్ట్‌ల (మెత్తటి ఉన్ని బిళ్లల) మధ్య పెట్టండి, ఇరుసుకు ప్లాస్టిక్ స్లీవ్ తప్పనిసరి. పైన వింగ్ నట్ (వేళ్లతో తిప్పే రెక్కల నట్టు) బిగించాక సింబల్ అంచును వేలితో నొక్కి వదలండి. నాలుగైదు సార్లైనా ఊయలలా ఊగాలి. ఊగకపోతే బిగువు ఎక్కువైంది. చెన్నైలో నేను చూసిన పగిలిన సింబల్స్‌లో ఎక్కువ వాటికి కారణం ఈ బిగువే. క్రాష్‌ను మీ వైపు కొద్దిగా వంచండి, స్టిక్ మెడతో కొట్టి పక్కకు జారనివ్వండి. అంచు మీద నిటారుగా గొడ్డలి వేటు వేయకండి.

సముద్రపు గాలి ఉన్న ఊరు ఇది, పైగా చేతి చెమట. వాయించడం అయిన వెంటనే పొడిబట్టతో తుడవండి, లేదంటే వేలిముద్రల చోట ఆకుపచ్చగా చిలుము పడుతుంది. సంచిలో పెట్టేటప్పుడు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో బట్ట వేయండి.

దయచేసి చింతపండు పెట్టి తోమకండి, పూజ సామాను తోమే పొడితో రుద్దకండి. పండక్కి ఇల్లు శుభ్రం చేస్తూ ఒక తల్లి కొడుకు రైడ్‌ను కంచు పళ్లెంలా తళతళలాడేలా తోమి పెట్టారు, ఎంతో ప్రేమతో. కంపెనీ ముద్రతో పాటు, ఏళ్ల తరబడి పట్టిన మసక పొర కూడా పోయింది. ఆ పొరే దాని గొంతును మెత్తగా ఉంచేది. మళ్లీ ఆ మెత్తదనం రావడానికి రెండేళ్లు పట్టింది. నల్లబడితే నల్లబడనివ్వండి. తప్పనిసరైతే గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు వేసి మెత్తటి బట్టతో గాళ్ల వెంట తుడిచి, వెంటనే ఆరబెట్టండి.

మొదటి నెలంతా వారానికోసారి అంచు చుట్టూ గోరు నడిపించి చూస్తూ ఉండండి. రసీదు పారేయకండి.